కారవాన్ టాపు ఉరుస్తోంది: రేకు మార్చాలా, పూత వేయాలా, అమ్మేయాలా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి విషయం వరకే చెబుతున్నాం.

భర్త రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి వ్యాను చాసిస్ కొన్నారు. దాని మీద కారవాన్ బాడీ కట్టింది గాజువాక ఆటోనగర్‌లో షెడ్డున్న ఆడపడుచు కొడుకు. ఇనప స్క్వేర్ ట్యూబుల ఫ్రేము, పైన అల్యూమినియం రేకు, లోపల గ్లాస్ ఊల్, దాని కింద 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్. టాపు పొడవు 5 మీటర్లు. టాపు మీద ఏసీ, గాలి లాగే ఫ్యాను, రెండు సోలార్ ప్యానెళ్ళు ఉన్నాయి. ఎడమ పక్కన సాచుకునే ఆనింగ్ గుడ్డ, వెనక ఎక్కడానికి నిచ్చెన బిగించారు.

మొదటి ఏడు పెద్ద ఇబ్బంది లేదు. డిసెంబరులో లంబసింగిలో పడుకున్నప్పుడు మాత్రం తెల్లారేసరికి లోపలి సీలింగుకున్న స్క్రూ తలల మీద నీటి బొట్లు కనబడ్డాయి. ఎండాకాలంలో ఏసీ వేసిన రాత్రుళ్ళు బండి మధ్యలో చుక్కలు పడటం మొదలైంది. ఈ వానాకాలం వెనక ఎడమ మూల పరుపు తడిసింది, ప్లై ఉబ్బింది, టీ రంగు మరక పాకింది. అరకు నుంచి దిగుతుంటే, వాన ఆగి గంట దాటాక, ఒక మలుపులో బ్రేకు వేయగానే డ్రైవరు సీటు మీద గ్లాసుడు నీళ్ళు కుమ్మరించినట్టు పడ్డాయి.

మేనల్లుడు మూడుసార్లు వచ్చి కనబడిన ప్రతి అంచుకీ సిలికాన్ కొట్టాడు. ఒక్కోసారి రెండు వానలకి ఆగింది, అంతే. ఇప్పుడు రేకంతా పీకి కొత్తది వేయాలి, లక్షా అరవై వేలవుతుంది అంటున్నాడు. మేడలకి వాటర్‌ప్రూఫింగ్ చేసే మేస్త్రీ 18 వేలకి టాపంతా పూత వేస్తానన్నాడు. ఆవిడ తమ్ముడు "అమ్మి పారెయ్యక్కా" అంటున్నాడు. భర్తకి అమ్మడం ఇష్టం లేదు. అరవై దాటిన మనిషి, వానలో టార్చి పట్టుకుని టాపెక్కుతున్నారు. "కట్టినప్పుడే సరిగ్గా కట్టుంటే ఈ తిప్పలుండేవి కావు" అని ఈవిడ ఒకసారి నోరు జారితే ఆడపడుచు ఫోన్లు మానేసింది. ఉత్తరం చివర్లో ఇంకో మాట: "సీలింగులో ఒక లైటు మిణుకుమంటోంది. దాని సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు." డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎవరి మాట వినాలి అన్నది ఆవిడ ప్రశ్న.

* * *

మీరు చివర్లో రాసిన లైటుతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ నెలరోజులు ఆగినా ఫరవాలేదు, అది ఆగదు. ఈరోజే ఆ లైట్ల లైను ఫ్యూజు తీసేయండి. 12 వోల్టుల లైటే కదా అనుకోవద్దు. తడిసిన జాయింటు చిలుము పట్టి వేడెక్కుతుంది, పక్కనే గ్లాస్ ఊలూ ప్లైవుడ్డూ ఉన్నాయి. పైగా ఏసీకి వెళ్ళే 230 వోల్టుల వైరు కూడా ఆ సందులోంచే పోయి ఉంటుంది. సీలింగు విప్పి చూసేదాకా ఏసీ ఎంసీబీ కింద పడేసి ఉంచండి, ఇన్వర్టరు ఆపండి, ఇంటి కరెంటు ప్లగ్గు పీకేయండి. బండిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, ఉందో లేదో మీ మేనల్లుణ్ణి అడగండి. లేకపోతే ఈ మరమ్మతులోనే పెట్టించాలి.

రెండోది మీవారు టాపెక్కడం. జారిపడే ప్రమాదం ఒక్కటే కాదు. రెండు ట్యూబుల మధ్య రేకు మీద కాలు పడితే అక్కడ సొట్ట పడుతుంది, సొట్టలో నీళ్ళు నిలుస్తాయి, పక్కనున్న రివెట్టు వదులవుతుంది. ఎక్కక తప్పని రోజు పొడి టాపు మీద, రెండు మూడు ట్యూబుల మీద ఆనేలా 12 మిల్లీమీటర్ల ప్లై ముక్క పరిచి, దాని మీద మోకాళ్ళూని కూర్చోవాలి. వానలో చూస్తేనే కన్నం దొరుకుతుందన్నది ఆయన నమ్మకం కాబోలు. వానలో దొరకదు, ఎందుకంటే అప్పుడు టాపంతా తడే.

ఇక అసలు విషయం. మీరు నాలుగు చోట్ల నీళ్ళు చూశారు. మీ ఇంట్లో అందరూ దాన్ని ఒకే లీకు అనుకుంటున్నారు, అందుకే ఒకే మందు మూడుసార్లు వేశారు. నాకు మీ ఉత్తరంలో కనబడింది మూడు వేర్వేరు నీళ్ళు.

లంబసింగి బొట్లు బయటి నుంచి వచ్చినవి కావు. ఇద్దరు మనుషులు తలుపులు మూసుకుని రాత్రంతా పడుకుంటే ఊపిరిలోనూ చెమటలోనూ అర లీటరు నీరైనా గాల్లో కలుస్తుంది. పొద్దున్నే లోపల స్టవ్ మీద టీ పెట్టుకుని ఉంటే అది అదనం, కిలో గ్యాసు మండితే కిలోన్నర నీటి ఆవిరి పుడుతుంది. ప్లై బిగించిన స్క్రూలు నేరుగా ఇనప ట్యూబులోకి దిగి ఉన్నాయి, బయటి చలి వాటి తలల దాకా వస్తుంది. ఆవిరి అక్కడ బొట్టు కడుతుంది. సీలింగంతా పొడిగా ఉండి స్క్రూ తలల మీద మాత్రమే వరసగా బొట్లున్నాయంటే ఇంకో అనుమానమే అక్కర్లేదు. దానికి సిలికాన్ కొట్టి లాభం లేదు. ఫ్యాను మూత రెండు వేళ్ళంత తెరిచి, ఎదురుగా ఒక కిటికీ కొంచెం వదిలి పడుకోవాలి. స్టవ్ వెలిగించినప్పుడైతే ఫ్యాను తిరగాల్సిందే.

ఏసీ వేసినప్పుడు పడే చుక్కలు రెండో రకం. విశాఖ గాల్లో ఉండే తేమకి టాపు ఏసీ గంటకి లీటరు దాకా నీరు తీస్తుంది. ఆ నీరు ఏసీ లోపలి ట్రేలో పడి, అంచున ఉన్న చిన్న కన్నాల గుండా టాపు మీదికి పోవాలి. ఆ కన్నాలు ఆకుల పొడితో, ఉప్పు పట్టిన దుమ్ముతో మూసుకుపోతే ట్రే నిండి లోపలికి పొర్లుతుంది. బండి ఒక పక్కకి ఒరిగి ఆగినా అంతే. ఇంకో సంగతి కూడా చూడాలి: మీ మేనల్లుడు ఏసీ చుట్టూ సిలికాన్ కొట్టినప్పుడు ఆ కన్నాలనే మూసేశాడేమో. సిలికాన్ కొట్టాక చుక్కలు ఎక్కువయ్యాయా తగ్గాయా గుర్తు చేసుకోండి.

దీన్ని తేల్చడం సులభం. ఎండ రోజు, కరెంటు పూర్తిగా తీసి, ఏసీ పైమూత విప్పి, లోపలి కాయిల్ కింద ట్రేలో మగ్గుతో లీటరు నీళ్ళు మెల్లగా పోయండి. కాసేపట్లో టాపు మీదికి ధార రావాలి. రాకపోతే కన్నాలు మూసుకున్నట్టే, సీసా బ్రష్షుతో శుభ్రం చేస్తే పని అయిపోతుంది. టాపు మీదికి బాగానే వచ్చి, అయినా లోపల చుక్క పడితే తప్పు ఏసీ కింద ఉండే చతురస్రపు స్పాంజి రబ్బరుది. ఆ రబ్బరు ఉన్న మందంలో సగానికి అణగాలి. తక్కువ బిగిస్తే సందు మిగులుతుంది. మరీ బిగిస్తే ఏసీ అడుగు పళ్ళెం వంగి, నీళ్ళు కన్నాల వైపు పోకుండా మధ్యకి వస్తాయి. నాలుగు బోల్టులూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. రెండేళ్ళు ఎండలో ఉన్న రబ్బరు వేలితో నొక్కితే తిరిగి లేవకపోతే దాన్ని మార్చడమే, చుట్టూ సిలికాన్ కొట్టడం కాదు.

మూడోదే నిజమైన వాన లీకు. వెనక మూల పరుపూ, డ్రైవరు నెత్తిన పడ్డ గ్లాసుడు నీళ్ళూ రెండూ ఒకటే అని నా అంచనా. వాన ఆగి గంటైనా నీళ్ళు పడ్డాయంటే అవి అప్పటికే సీలింగు సందులో నిలిచి ఉన్నాయి. ఘాట్‌లో దిగుతూ బ్రేకు వేస్తే రేకుకీ ప్లైకీ మధ్య ఉన్న నీళ్ళన్నీ ముందుకి పారతాయి. వెనక ఎక్కడో దూరిన నీరు ముందు సీటు మీద పడటం ఇలాగే. కాబట్టి ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూయించడం ఆపండి. వెనక మరక టీ రంగులో ఉందన్నారు. ఒక్క తుపాను వానకి ఆ రంగు రాదు. తుప్పూ చెక్క రసమూ కలిసి చాలాకాలం కొంచెం కొంచెంగా దిగితేనే వస్తుంది. ఈ వానాకాలం బయటపడింది కానీ, దూరడం అంతకుముందే మొదలై ఉంటుంది.

మొదటి ఏడు బాగుండి తర్వాత ఎందుకు చెడింది? 5 మీటర్ల అల్యూమినియం రేకు, పొద్దుటి 25 డిగ్రీల నుంచి మధ్యాహ్నం టాపు మీది 65 డిగ్రీలకి వేడెక్కితే 4.6 మిల్లీమీటర్లు సాగుతుంది. దాని కింద ఇనప ట్యూబు అంతే వేడెక్కినా 2.4 మిల్లీమీటర్లే సాగుతుంది. రోజూ ఆ రెండు మిల్లీమీటర్ల తేడాని రివెట్లూ స్క్రూలూ ఓర్చుకోవాలి. దానికి మన రోడ్ల కుదుపు, ఘాట్‌లో బాడీ మెలిపడటం తోడు. ఎం-సీల్ లాంటి గట్టిపడే ముద్దలు ఇక్కడ నెలల్లోనే నెర్రెలిచ్చేది అందుకే. సముద్రపు గాలి మిగతా పని చేస్తుంది. మామూలు ఇనప సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు వాడి ఉంటే, తుప్పు పట్టి వాటి చుట్టూ కన్నం పెద్దదవుతుంది. రేకూ ఇనుమూ నేరుగా ఆనిన చోట ఉప్పు తేమ తగిలితే అల్యూమినియం తెల్లటి పొడిలా రాలుతుంది. సీలింగు విప్పినప్పుడు ఆ తెల్ల పొడి కోసం ప్రత్యేకంగా చూడండి, తర్వాత నిర్ణయానికి అది పనికొస్తుంది.

ఇప్పుడు కన్నం వెతకడం. దీనికి ఒక ఆదివారం పొద్దున్నంతా పెట్టుకోండి, ఇద్దరు మనుషులు కావాలి. కరెంటు అంతా తీసేశాక వెనక ఎడమ మూల సీలింగు ప్లై కనీసం ఒక మీటరు విప్పండి. తడిసిన గ్లాస్ ఊల్ తీసి పారేయండి, దాన్ని ఎండబెట్టి మళ్ళీ పెట్టే ఆలోచన వద్దు. ట్యూబుల మీద, రేకు లోపలి వైపు సుద్ద పొడి గానీ టాల్కం పౌడరు గానీ చల్లండి. నీటి చుక్క ఆ పొడి మీద పారితే గీత పడుతుంది, ఆ గీత పట్టుకుని వెనక్కి వెళ్తే మూలం దొరుకుతుంది.

బయట మామూలు తోట పైపుతో, జోరు లేకుండా, ధారగా నీళ్ళు వదలాలి. వాషింగ్ సెంటరు ప్రెషరు గన్ వద్దే వద్దు. అది మంచి జాయింటులోకి కూడా నీళ్ళు తోస్తుంది, లేని లీకు పుట్టిస్తుంది. కింద నుంచి పైకి వెళ్ళాలి, ఇదే ముఖ్యం. ముందు వెనక కిటికీ అంచు, తర్వాత నిచ్చెన పాదాలు, తర్వాత ఆనింగ్ పట్టీ, ఆ పైన టాపు అంచు బీడింగు, చివరగా టాపు మీద సోలార్ కాళ్ళు, ఫ్యాను, ఏసీ. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్నిటి మీదుగా కిందికి పారతాయి, ఏది దూర్చుకుందో తేలదు. ఒక్కో చోట పది నిమిషాలు వదిలి, ఇంకో పది నిమిషాలు ఆగాలి. ఇంకా వంతు రాని జాయింట్ల మీద ప్లాస్టిక్ కాగితం పరిచి మాస్కింగ్ టేపుతో అంటించండి. లోపలి మనిషి టార్చి పట్టుకుని ఉండాలి, చుక్క కనబడగానే కేకేయాలి. అక్కడ పెన్నుతో గుర్తు పెట్టి, ఆ ప్రాంతం ఆరాక మళ్ళీ ఒకసారి చేసి చూస్తే గానీ ఖాయం అనుకోవద్దు. ఒక కన్నం దొరికిందని ఆపేయకండి, మిగతావీ పూర్తి చేయండి. రెండు చోట్ల లీకున్న బండిలో ఒకటి మూసి, రెండోదాన్ని చూసి "ఇది కూడా నిలవలేదు" అనుకోవడం మామూలే.

బండి ఎలా ఆగి ఉందన్నదీ చూసుకోవాలి. మీ వీధి వాలుగా ఉందని రాశారు. ముక్కు పైకున్నప్పుడు వెనక పడిన చుక్క, ముక్కు కిందికి తిప్పితే ముందు పడుతుంది. ఒకసారి అలా, ఒకసారి ఇలా నిలిపి చూడండి. వెనక మాత్రమే తడిపి, ముక్కు కిందికి నిలిపినప్పుడు డ్రైవరు వైపు చుక్క వస్తే, ముందు లీకు లేదని అక్కడితో తేలిపోతుంది.

నీళ్ళతో తేలకపోతే గాలి పద్ధతి ఉంది. తలుపులు, కిటికీలు, సింకు కన్నం మూసి, ఏసీ లోపలి జాలీ మీద ప్లాస్టిక్ అంటించి, దుమ్ము ఊదే బ్లోయరుతో ఒక కిటికీ సందులోంచి లోపలికి గాలి పెట్టండి. ఎక్కువ ఒత్తిడి అక్కర్లేదు, వేసిన తలుపు రబ్బరు దగ్గర చేయి పెడితే గాలి తెలిస్తే చాలు. లీటరు నీళ్ళలో రెండు చెంచాల గిన్నెల సబ్బు ద్రవం కలిపి టాపు జాయింట్ల మీద బ్రష్షుతో పూస్తే, కన్నం ఉన్నచోట బుడగలు లేస్తాయి. పాత సిలికాన్ పూసిన అంచులని దగ్గరగా గమనించండి. పైకి నున్నగా, బాగున్నట్టే ఉంటుంది కానీ అంచు వెంట సన్నటి బుడగల వరస కనబడుతుంది. అది రేకుని వదిలేసిందన్న మాట.

నా అనుమానం ఆనింగ్ పట్టీ స్క్రూల మీదా నిచ్చెన పాదాల మీదా ఉంది. రెండూ వెనక ఎడమ మూలకి దగ్గర, రెండిటి మీదా బరువు, లాగుడు పడతాయి. అనుమానమే, పైపు పట్టాక మారవచ్చు.

ఇక మూసే పని. మూడుసార్లు కొట్టిన సిలికాన్ ఎందుకు నిలవలేదంటే, అది అంచు మీద పైపైన పూత. నీటిని ఆపాల్సింది పాదం కింద, రేకుకీ సామానుకీ మధ్య. పైగా కొట్టినది పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం అయితే, అందులో వదిలే ఆమ్లం ఇనుముకీ రేకుకీ మంచిది కాదు. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఆరిన సిలికాన్ మీద వేరే మందులు అతకవు, పాతబడి మురికి పట్టినదాని మీద కొత్త సిలికాన్ కూడా గట్టిగా పట్టదు. రెండోసారి, మూడోసారి కొట్టినవి ఎందుకు తొందరగా ఊడాయో ఇప్పుడు అర్థమవుతుంది.

కాబట్టి లీకున్న ప్రతి సామానూ విప్పి తీయాలి. పాత సిలికాన్‌ని ప్లాస్టిక్ గోకుడు పట్టీతో గీకాలి, ఇనప బ్లేడు వేస్తే రేకు మీద గీతలు పడతాయి. తర్వాత సిలికాన్ రిమూవరు, ఆ పైన ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డ. పోయిందో లేదో తెలుసుకోవడానికి నీళ్ళు చల్లి చూడండి. రేకు మీద నీరు పల్చగా పరుచుకుంటే శుభ్రమైనట్టు, తామరాకు మీద చుక్కల్లా విడిపోతే ఇంకా సిలికాన్ ఉన్నట్టు. ఈ మెట్టు దాటెయ్యాలని పనివాళ్ళకి భలే ఆత్రం. మీరు దగ్గరుండి చూడాల్సింది ఇదొక్కటే.

శుభ్రమయ్యాక సామాను పాదం కింద 3 మిల్లీమీటర్ల మందం బ్యూటైల్ టేపు (గట్టిపడకుండా జిగటగా ఉండే రబ్బరు పట్టీ) వేయాలి. స్క్రూ కన్నం చుట్టూ టేపు చుట్టి ఉండాలి. కన్నం వదులైతే ఒక సైజు పెద్ద స్క్రూ వాడండి. స్క్రూ స్టెయిన్‌లెస్ 316 రకమైతే సముద్రం పక్కన నిలుస్తుంది, దొరక్కపోతే 304. రివెట్లు మార్చాల్సి వస్తే కొన మూసుకుని ఉండే రకం అడగండి, మామూలు పాప్ రివెట్టు మధ్య కన్నంలోంచే నీరు దిగుతుంది. బిగించినప్పుడు టేపు నాలుగు వైపులా కొంచెం బయటికి ఉబకాలి. ఉబకని వైపు టేపు చాలలేదని అర్థం. ఒకరోజు ఎండ తగిలాక మళ్ళీ పావు చుట్టు బిగించి, ఉబికిన దాన్ని కోసేసి, అప్పుడు అంచు మీద పాలీయురెథేన్ సీలెంటు గానీ ఎంఎస్ పాలిమర్ సీలెంటు గానీ కొట్టాలి, రెండూ ఆరాక కూడా రబ్బరులా సాగే రకాలు. ఎండ పడే చోటు కాబట్టి యూవీ తట్టుకునే రకమే కొనాలి, ట్యూబు మీద రాసి ఉంటుంది.

310 మిల్లీలీటర్ల ట్యూబు 5 మిల్లీమీటర్ల మందాన కొడితే 12 మీటర్లు వస్తుంది. మీ బండికి నాలుగు ట్యూబులు, 20 మీటర్లకి సరిపడా బ్యూటైల్ టేపు పట్టవచ్చు. పాలీయురెథేన్‌తో ఒక జాగ్రత్త: తుడిచిన ఆల్కహాలు పూర్తిగా ఎగిరిపోయాకే కొట్టాలి, నున్నగా చేయడానికి ఆల్కహాలు తడి వేలు వాడకూడదు. ఆల్కహాలు తగిలితే అది గట్టిపడదు, జిగటగానే ఉండిపోతుంది. మధ్యాహ్నం కాలుతున్న రేకు మీద కొడితే బుడగలొస్తాయి. తెల్లవారుజామున మంచు తడి ఉంటుంది. పొద్దున తొమ్మిది ప్రాంతాన, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత మంచిది. రోజుకి 3 మిల్లీమీటర్ల లోతు ఆరుతుంది కాబట్టి, రెండు రోజులు బండి కదపకూడదు, వాన పడకూడదు.

మూసేసి వెంటనే సీలింగు బిగించేయకండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. లోపల చెమ్మ ఉండగా ప్లై బిగిస్తే లీకు లేకుండానే బూజు వస్తుంది, ట్యూబులు తుప్పు పడతాయి. రెండు మూడు వారాలు ఫ్యాను పెట్టి ఆరనివ్వండి. చిన్న తేమ మీటరు కొంటే పని తేలిక. పొడి ప్లై మీద ఎంత చూపిస్తుందో ముందు మీ బండిలోనే మంచి మూలలో చూసి, తడిసిన మూలలో దానికి దగ్గరగా వచ్చేదాకా ఆగాలి. అంకె 20 శాతం పైనే నిలిచిపోతే ఇంకెక్కడో నీరు ఉంది. చాలాసార్లు ఆ నీరు స్క్వేర్ ట్యూబు లోపలే ఉంటుంది. ట్యూబు పల్లపు చివర అడుగున 6 మిల్లీమీటర్ల కన్నం వేస్తే కారిపోతుంది. ఆ కన్నం అలాగే ఉంచండి. తుప్పు గీకి జింకు ప్రైమరు కొట్టించండి. ప్లైని స్క్రూడ్రైవరుతో పొడిస్తే మెత్తగా దిగిన మేరకి కోసేసి కొత్త ముక్క వేస్తే చాలు.

ఇప్పుడు మీ ముందున్న నాలుగు దారులు.

మేస్త్రీ చెప్పిన పూత. మేడ మీద వేసే పూత అల్యూమినియం మీద ప్రైమరు లేకుండా నిలవదు, సిలికాన్ మరకల మీద అసలు అంటదు. పగిలే చోట పగులుతుంది, ఆ తర్వాత కన్నం ఎక్కడో ఎప్పటికీ కనబడదు, లోపలి తడి లోపలే ఉంటుంది. 18 వేలు తక్కువే అనిపిస్తుంది కానీ తర్వాత ఆ పూత గీకే కూలి కూడా మీదే. అయితే మరమ్మతంతా అయ్యాక, లోహపు ప్రైమరు మీద తెల్ల పూత వేయించుకుంటే వేడి తగ్గుతుంది, రేకు సాగడమూ తగ్గుతుంది. అప్పుడు పనికొచ్చేదే.

మేనల్లుడు చెప్పిన కొత్త రేకు. సీలింగు విప్పాక ట్యూబులని సుత్తితో తట్టండి. ఖంగుమంటే బాగున్నట్టు. బోలుగా, పొలుసులు రాలుతూ ఉంటే, లేదా రేకు కింద తెల్ల పొడి చాలా చోట్ల కనబడితే రేకు మార్చడం న్యాయమే. లేకపోతే అనవసరం. కొత్త రేకు మీద కూడా ఏసీకీ సోలార్‌కీ నిచ్చెనకీ మళ్ళీ కన్నాలే కొట్టాలి. పాత పద్ధతిలోనే బిగిస్తే రెండేళ్ళకి మళ్ళీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది. మార్చడమే ఖాయమైతే ట్యూబుకీ రేకుకీ మధ్య టేపు వేయమనండి. జాయింట్లు లేని ఒకే ముక్క ఫైబర్ టాపు అచ్చు పోయించడం కూడా ఆలోచించవచ్చు. ఫిషింగ్ హార్బర్ వైపు ఫైబర్ పడవల పని చేసేవాళ్ళకి ఉప్పు నీళ్ళలో ఏది నిలుస్తుందో బాగా తెలుసు. ఉన్న రేకు మీదే ఫైబర్ పూయిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, అల్యూమినియంకి అది గట్టిగా పట్టదు.

పరీక్ష చేసి దొరికినచోటే మరమ్మతు. నా మొగ్గు దీనికే. ఖర్చు వేలల్లో ఉంటుంది, ఓపిక మాత్రం ఎక్కువ కావాలి. ఒక వానాకాలంలో ఇంకో చిన్న లీకు బయటపడే వీలూ ఉంది. కానీ ఇందులో పెట్టిన పని వృథా కాదు. రేకు మార్చాల్సొచ్చినా, అమ్మాల్సొచ్చినా ఎక్కడ తప్పుందో చేతిలో ఉంటుంది.

అమ్మేయడం తప్పేమీ కాదు. మరకతో అమ్మితే కొనేవాడు మొత్తం రేకు ఖర్చు తీసేసి ధర చెబుతాడు. మరక మీద రంగు వేసి అమ్మితే మొదటి వానకి మీ గుమ్మం ముందే ఉంటాడు. బాగు చేసి ఒక వాన కాలం చూసి అమ్మితే ధరా వస్తుంది, మీవారికి ఆలోచించుకునే సమయమూ దొరుకుతుంది. ఇన్సూరెన్సు సంగతి అడగలేదు కానీ, ఇలా నెమ్మదిగా దిగిన నీటికి పాలసీ డబ్బు రాదు, అరుగుదల కిందే చూస్తారు. తుపానులో కొమ్మ పడి టాపు చీలితే సమగ్ర పాలసీలో వస్తుంది. అప్పుడు ముందు ఫొటోలు, కంపెనీకి కబురు, సర్వేయరు చూశాకే మరమ్మతు.

ఈ నెలలోనే అన్నీ చేయాలని లేదు. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపాన్ల కాలం, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న. రెండు పొడి రోజులు దొరకని కాలంలో సీలెంటు పని పెట్టుకుంటే పాడవుతుంది. ఇప్పుడు పరీక్ష చేసి, దొరికిన కన్నాల మీద అల్యూమినియం వీపున్న బ్యూటైల్ టేపు తాత్కాలికంగా అంటించి, లోపల ఆరబెట్టుకోండి. విప్పి బిగించే పని డిసెంబరు, జనవరిలో. టార్పాలిన్ కప్పితే గాలికి కొట్టుకోకుండా అడుగు నుంచి తాడు లాగి కట్టాలి, వదులుగా ఉంటే ఒక్క రాత్రిలో రంగు గీకేస్తుంది. గాలివాన హెచ్చరిక ఉన్నప్పుడు ఆనింగ్ మడిచే ఉంచాలి.

ఇక మీ ఆడపడుచు సంగతి. మీరన్న మాటలో నిజం లేకపోలేదు, కానీ మూడుసార్లు పిలవగానే వచ్చి చేసిన కుర్రాడు కూడా తప్పించుకు తిరిగేవాడు కాదు. అతను పని తప్పించుకోలేదు, వెతక్కుండా మూశాడు. ఏ ట్యూబు ఎక్కడుందో, వైరు ఎటు పోయిందో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆ ఆదివారం పరీక్షకి అతన్నే పిలవమంటాను. పిలవాల్సింది మీరు కాదు, మీవారు. "ఎవరిది తప్పు" అన్న మాట రాకుండా "ఎక్కడ దూరుతోందో నువ్వు లోపల ఉండి చూడు, నేను పైపు పడతాను" అంటే చాలు. చుక్క అతని కళ్ళ ముందే పడితే మీరు ఒక్క మాట కూడా అనక్కర్లేదు. కూలీ, సామానూ ముందే విడివిడిగా కాగితం మీద రాసుకుని, కూలీ తప్పకుండా ఇవ్వండి. ఉచితంగా చేయించుకున్న పనిలో లోపం చెప్పడం కష్టం, అదీ బంధువుకి. అతను రాకపోతే, లేదా చూసి కూడా "రేకు మార్చాల్సిందే" అంటే, బస్ బాడీలు కట్టే ఇంకో షెడ్డులో మరో మాట తీసుకోండి. సీలింగు విప్పిన ఫొటోలు చూపించండి, లేకపోతే వాళ్ళూ టాపు చూసి ఊహించి చెబుతారు.

మీ ఆడపడుచుకి ఫోను చేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. చేస్తే మాత్రం బండి మాట ఎత్తకండి. పరీక్షలో ఏం తేలిందో వాళ్ళబ్బాయే చెబుతాడు.